మా మిల్లు గచ్చు మీద దిగాల్సిన విమానం

నిన్న మిర్యాలగూడలో బస్సు దిగగానే ఉడికిన వడ్ల వాసన తగిలింది. నా చిన్నప్పుడు, పంతొమ్మిదివందల అరవైల్లో, మా నాయన రైస్ మిల్లులో ఆ వడ్లు ఆరబోసే సిమెంటు గచ్చు ఉండేది. రోజూ పొద్దున మా మీదుగా మద్రాసు విమానం పోయేది. ఊళ్లో అంత నున్నటి నేల మరొకటి లేదు. వడ్లు అడ్డమున్నందుకే విమానం అక్కడ దిగడం లేదని నా గట్టి నమ్మకం.

"డకోటా అసొంటి చిన్న విమానానికైతే గీ గచ్చు సాల్తది. వైకౌంట్ అసొంటి పెద్దదానికి సాలదు," అనేవాడు నా దోస్తు రహీం.

"అది గూడ దిగుతది!" అనేవాణ్ణి.

ఒకరోజు కూలీలు వడ్లు తెస్తుంటే గచ్చు నడుమ పడుకున్నాను.

"లెవ్వురా, వడ్లు ముక్కిపోతయి," అన్నాడు నాయన.

"లెవ్వ. ఇయ్యాల విమానం దిగాలె."

"పట్నంల గంత పెద్ద ఏరోడ్రోమ్ ఇడిసిపెట్టి గీడికెందుకు వస్తదిరా?"

"గాడ గింత నున్నగ ఉంటదా?"

నాయన నవ్వు ఆపుకుంటూ కూలీలతో అన్నాడు: "వాని సుట్టూ పొయ్యండి. విమానానికి గంత జాగ సాలు."

వేడి వడ్లు ఒంటికి తగులుతున్నా కదల్లేదు. విమానం మిల్లు గొట్టం దాకా వంగింది, పైలట్ నాకు చెయ్యూపాడు. సరే, ఊపలేదు. ఆ రోజు మబ్బు, చప్పుడొక్కటే వినిపించింది.

గచ్చు మీద జానెడు జాగా వదలని నాయన, ఆ రోజు నాకంత ఎందుకు వదిలాడో పెద్దయ్యాక తెలిసింది. అయినా ఇప్పటికీ నాది ఒకటే మాట: గచ్చు సిద్ధంగానే ఉంది, దిగనిది విమానమే.