మా ఆయన తాగుబోతు అయిన కాలం

మా ఆయన చుక్క ముట్టి ఎరగడు. కల్లు వాసనకే ముఖం తిప్పుకునే మనిషి. అలాంటి మనిషిని ఇల్లందులో ఒక చర్చి వెనక గదిలో కూర్చోబెట్టి, "దిగులుపడకు తమ్మీ, మేమంత నీలెక్కనే ఉంటిమి" అని అందరూ ఓదారుస్తుంటే పక్కన ఉండి విన్నాను. తాగేది నేను.

కారేపల్లి దగ్గర మా ఊళ్లో ఆడవాళ్లు కల్లు తాగడం వింతేమీ కాదు. మిరపకాయలు ఏరివచ్చిన సాయంత్రాలు తాటివనంలో మగవాళ్లు ఒక చెట్టు కింద, ఆడవాళ్లు ఒక చెట్టు కింద కూర్చుంటారు. నేను అంగన్‌వాడీ టీచర్‌ని. కొత్త కోడలిగా వచ్చినప్పుడు నన్ను ఆ చెట్టు కిందికి తీసుకెళ్లింది మా తోడికోడలు, మా బావగారి భార్య; అక్కా అని పిలిచేదాన్ని. తాటాకు మడిచి చేసిన రేకను ఒలకకుండా ఎట్లా పట్టుకోవాలో నేర్పిందీ ఆమే. ఊళ్లో ఒక్కొక్కరి నడకా అక్క నడిచి చూపిస్తుంటే నవ్వలేక పొట్ట పట్టుకునేదాన్ని. తాగింది తక్కువ, నవ్వింది ఎక్కువ.

అక్క విషజ్వరంతో పోయింది. ఆ తర్వాత నేను ఒక్కదాన్నే తాగడం మొదలుపెట్టాను. కల్లు దొరకని కాలంలో బెల్టు షాపు సీసా, అదీ వంటింట్లో, బియ్యం డబ్బా వెనక. ఒకరోజు అంగన్‌వాడీ సెంటర్లో చేతులు వణికి, చంటిదాని చేతికి ఇవ్వబోయిన గుడ్డు కింద పడిపోయింది. భయపడి దవాఖానాకు వెళ్లాను. అక్కడి సిస్టర్ గొంతు తగ్గించి చెప్పింది: "తాగుడు మానెటోళ్లు ఐతారం ఐతారం చర్చి ఎనక రూముల కూసుంటరు. ఏ మతపోళ్లైనా పోవచ్చు. పైసలు గిట్ల ఏమడగరు."

ఆదివారం మా ఆయన బండి మీద తీసుకెళ్లాడు. ఆ గుంపుకు పెద్ద, బొగ్గుబావిలో రిటైరైన ముసలాయన, గుమ్మంలోనే మా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "రా తమ్మీ. నిన్ను ఈడిదాంక తేనీకి చెల్లె ఎంత గోసపడ్డదో!" అంటూ తీసుకెళ్లి మగవాళ్ల మధ్య కుర్చీ వేశాడు. నాకు గోడవారన, పెళ్లాలు కూర్చునే బెంచీ చూపించారు. మా ఆయన నావైపు చూశాడు. నేను వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను. ఆయన తల దించుకుని కూర్చున్నాడు. పాపం సిగ్గుపడుతున్నాడని వాళ్లకు మరింత జాలేసింది.

తిరిగి వచ్చేటప్పుడు అడిగాను. "గట్ల ఊకున్నవేందయ్యా?"

"నువ్వు వినాలె గదా. నేను కూసుంటే నువ్వు వింటవ్," అన్నాడు.

అట్లా ఆదివారాలు గడిచాయి. వాళ్ల పద్ధతి ఏమిటంటే, ఆ వారం మనసు ఎప్పుడు గుంజిందో ఒక్కొక్కరూ చెప్పాలి. మా ఆయనకు అబద్ధం చేతకాదు. "నాకేం గుంజలే" అనేవాడు. "గింత జల్దీ గట్ల కాదు తమ్మీ, దాస్తున్నవ్" అని ముసలాయన కోప్పడేవాడు. పొద్దుగూకే వేళ మనసు సీసా వైపు ఎట్లా గుంజుతుందో మిగతావాళ్లు చెప్పేవాళ్లు. అవన్నీ నా మాటలు. నన్ను ఒక్కరైనా అడిగితే బాగుండునని ప్రాణం కొట్టుకునేది. ఎవరూ అడగలేదు. బెంచీ మీద పక్కనున్న ఆవిడ మాత్రం "నీ పెనిమిటి కొడతడా?" అని అడిగింది. లేదంటే, అదృష్టమంతురాలివంది.

మా ఆయన ఒక ప్రైవేటు బడికి వ్యాన్ నడుపుతాడు. ఒక సాయంత్రం నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. ఆయన ఆ గదికి వెళ్లడం ఎవరో చూసి, పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టారట. తాగుబోతు చేతిలో పిల్లల్ని పెట్టలేమని బడివాళ్లు వ్యాన్ తాళాలు తీసేసుకున్నారు.

"మరి నువ్వు తాగనని చెప్పకపోతివా?"

"తాగేది నేను కాదు, నా పెండ్లాం అని చెప్పాల్నా?" అన్నాడు. అరవలేదు. చెప్పులు విప్పి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు. అరిచి ఉంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టేదేమో.

తర్వాతి ఆదివారం ఆయన వంతు రాకముందే బెంచీ మీంచి లేచాను. "తాగేది ఆయన గాదు. నేను," అన్నాను. తర్వాత ఆగలేకపోయాను. "మా అక్క పోయినంక ఇల్లంత నిశ్శబ్దం. అది ఓర్సుకోలేక తాగిన. ఇయ్యాల పొద్దున గూడ తాగబుద్ధి అయింది. అక్క యాదికొస్తే కల్లు యాదికొస్తది, కల్లు యాదికొస్తే అక్క."

ముసలాయన లేచి తన కుర్చీ నాకు వేశాడు. రేపు తానే బడికి పోయి చెబుతానన్నాడు. తర్వాత మా ఆయన వైపు తిరిగాడు. "మరి నువ్వెందుకు కూసున్నవ్ తమ్మీ, ఇన్ని దినాలు?"

మా ఆయన నావైపు చెయ్యి చూపించాడు.

"ఈమె తాటివనం నుంచి వస్తుంటే నవ్వు ఇంటిదాంక ఇనబడేది," అన్నాడు. "మా వదిన పోయినంక మల్ల ఇనలే. ఈడికొస్తే ఎప్పుడన్న ఇనబడుతదేమోనని కూసున్న."