నాయనమ్మ వెయ్యని మేత

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎర్రచేపలు తిండి ఎక్కువై చచ్చిపోయాయి, అదీ రెండుసార్లు. మొదటిసారి తప్పు అందరిదీ. రెండోసారి నా ఒక్కదానిదే.

మాది ఇల్లెందు వైపు బొగ్గుగని క్వార్టరు. నాన్నది పొద్దుటి షిఫ్టు, బాబాయిది రాత్రి షిఫ్టు. బాబాయి ఖమ్మం నుంచి ఓ గాజుతొట్టి, నాలుగు చేపలు తెచ్చాడు. మనిషి అలికిడైతే చాలు, అవి అద్దం దగ్గరికి వచ్చి నోళ్లు తెరిచేవి. డ్యూటీ దిగి వచ్చిన ప్రతివాళ్లూ పాపం వీటికెవరూ పెట్టలేదనుకుని గుప్పెడు మేత వేసేవాళ్లు. అమ్మా వేసేది. మిగిలిన మేత అడుగున కుళ్లి, నీళ్లు తెల్లగా మసకబారి, వారం తిరక్కుండా నాలుగూ పైకి తేలాయి.

బాబాయి పట్టు వదల్లేదు. మళ్లీ నాలుగు తెచ్చి, ఈసారి తొట్టి పక్కన గోడకు రెండు మేకులు కొట్టి ఓ రేకు బిళ్ళ తగిలించాడు. గనిలోకి దిగేవాళ్లు బిళ్ళ ఇచ్చి దిగుతారు. ఎవరు లోపలున్నారో, ఎవరు పైకొచ్చారో దాన్ని బట్టే తెలుస్తుంది. మా ఇంట్లోనూ అదే పద్ధతి. పొద్దున లేవగానే బిళ్ళ ఎడమ మేకుకు, మేత వేశాక కుడి మేకుకు. కుడివైపు ఉంటే ఇంకెవరూ డబ్బా ముట్టకూడదు.

"వాటికి కడుపు నిండిన సంగతి తెల్వదు. నోరు తెరిచినప్పుడల్లా ఏస్తే సస్తయ్. రెండు నిమిషాలల్ల ఎంత తింటే గంతే, దినానికి ఒక్కపారి" అన్నాడు బాబాయి.

ఆ పని నాయనమ్మకు అప్పగించారు. తాతయ్య పోయాక జూలూరుపాడులో పత్తిచేను కౌలుకిచ్చి మా దగ్గరికి వచ్చేసిన మనిషి. క్వార్టర్లో ఆవిడకు ఏ పనీ లేదు. ఓసారి కూరలో ఉప్పు రెండుసార్లు పడిందని అమ్మ పొయ్యి దగ్గరికి కూడా రానిచ్చేది కాదు. అందుకే ఆ చేపలంటే ఆవిడకు అంత శ్రద్ధ. స్నానం చేసి, తడి చెయ్యి తుడుచుకుని, చిటికెడంటే చిటికెడే వేసేది.

నాకేమో అవి నన్ను చూసి రావడం ఇష్టం. బడి నుంచి రాగానే, నాయనమ్మ వాకిట్లో ఉన్న సమయం చూసుకుని ఇంకో చిటికెడు వేసేదాన్ని. కొన్నాళ్లకు నీళ్లు మసకబారాయి. చేపలు పైకి వచ్చి గుటకలు వేయసాగాయి. ఊపిరాడక అలా వస్తున్నాయని నాకేం తెలుసు? ఆకలేమోనని ఇంకా వేశాను. మర్నాటికి ఒక్కటీ మిగల్లేదు.

"ఏసిందే మళ్ల మళ్ల ఏసి ఉంటది. మతి ఏడున్నది ఆమెకు?" అంది అమ్మ, నాయనమ్మ వినేట్టుగానే.

ఆ సాయంత్రం నాయనమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది. "బిడ్డా, నువ్వు సూశినవా? నేను రెండుసార్లు ఏసిన్నా?" అని అడిగింది. అమ్మ చేతి దెబ్బ నాకు బాగా తెలుసు. "అవ్" అన్నాను.

నన్ను అనుమానించలేదు, తనను తాను అనుమానించుకుంది. అప్పట్నుంచి తలుపుకు తాళం వేసి, వేశానా లేదా అని ఆ తాళాన్ని చేత్తో పట్టుకునే నిలబడేది. అన్నం తిని లేచి, తిన్నానా అని నన్నే అడిగేది. నేనే కదా సాక్షిని. రెండేళ్లకు మంచాన పడి, కన్నుమూసింది. ఆ మతిమరుపు వయసుతో వచ్చిందో, నేను పెట్టిందో ఇప్పటికీ నాకు తెలియదు. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నాన్న, బాబాయి పోయి చాలా ఏళ్లయింది. అమ్మకు ఎనభై దాటాయి. "గోలీ ఏసుకున్ననా?" అని రోజుకు నాలుగుసార్లు అడుగుతుంది. మందుల షీటు తీసి చూసుకున్నాక గానీ నేను జవాబు చెప్పను. పోయిన నెల ధైర్యం చేసి పక్కన కూర్చున్నాను. ఆ చేపల్ని చంపింది నాయనమ్మ కాదమ్మా, నేనని చెప్పేశాను.

అమ్మ నా మొహంలోకి చూసి, "ఏం చేపలు బిడ్డా?" అంది.