మెరవని ఉక్కు

భూపాలపల్లి నుంచి ఫోన్ వచ్చిన రోజు మా సార్ ముఖం మాడిపోయింది. జనగామ బయట ఆయన నడిపే మా షెడ్డులో నైట్రైడింగ్ చేసి పంపిన ఆరు పంపు షాఫ్టులూ పనికిరావని అక్కడి వర్క్‌షాప్ యజమాని అన్నాడట. బొగ్గు గనుల పంపులు బాగుచేసే మనిషి, మాకు పెద్ద గిరాకీ. షాఫ్టులు మెరవడం లేదని, బూడిద పూసినట్టున్నాయని ఆయన ఫిర్యాదు.

ఆ షాఫ్టులు పెట్టిన ఫర్నేసు నడిపింది నేనే. గార్ల దగ్గరి తండా మాది. ఇంట్లో లంబాడీ మాట్లాడుకుంటాం, తెలుగు బడిలో నేర్చుకున్నాను. పాలిటెక్నిక్ అయ్యాక ఈ షెడ్డులో చేరితే, అమ్మోనియా వాసనకు వారం కూడా నిలవనని తోటివాళ్లు అనుకున్నారు. కళ్లు మండేవి, గొంతు పట్టేసేది. అయినా నాలుగేళ్లు దాటాయి.

నైట్రైడింగ్ అంటే, మూత బిగించిన ఫర్నేసులో ఉక్కును ఎర్రబడనంత వేడి మీద రెండు రోజులు ఉంచి, లోపలికి అమ్మోనియా పంపుతాం. ఆ వేడికి గ్యాసు విడిపోయి, అందులోని నత్రజని ఉక్కు పైపొరలోకి దిగుతుంది. ఆ పొర అర మిల్లీమీటరు కూడా ఉండదు, కానీ షాఫ్టు అరగకుండా కాపాడేది అదే. బయటికి తీసినప్పుడు దాని రంగు మాసిన బూడిదే.

భూపాలపల్లి పోయి, సారీ చెప్పి, గ్రైండింగ్ పట్టి మెరిపించి ఇస్తామని చెప్పి రమ్మన్నాడు సార్. మెరిసేదాకా రుద్దితే పొర మొత్తం పోతుందని ఆయనకూ తెలుసు.

"సారీ చెప్ప సార్. పోయి చూపిస్త" అన్నాను.

ఆయన విసుక్కున్నాడే గాని వద్దనలేదు. కొత్త ఆకురాయి ఒకటి సంచిలో వేసుకుని బస్సెక్కాను.

నేను పోయేసరికి ఆ యజమాని ఒక షాఫ్టును అప్పటికే గ్రైండింగ్ పట్టించాడు. అద్దంలా ఉంది. "గిట్ల ఉండాలె" అని పనివాళ్ల ముందే దాన్ని నా చేతిలో పెట్టాడు. తండా నుంచి వచ్చినదానికి మిషన్ల సంగతి ఏం తెలుస్తుందని కూడా అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. సంచిలోంచి ఆకురాయి తీసి, అక్కడున్న వాళ్లలో పెద్దవాడైన ఫిట్టర్‌కు ఇచ్చి, బూడిద రంగు షాఫ్టును దానితో రాకి చూడమన్నాను.

ఆయన తేలిగ్గా ఒకసారి రాకాడు. ఆకురాయి జర్రున జారిపోయింది. ఒంట్లో బలమంతా పెట్టి మళ్లీ రాకాడు. గీత కూడా పడలేదు. బొటనవేలితో ఆకురాయి పళ్లు తడిమి చూసుకుని, "పట్టుతలేదు" అన్నాడు మెల్లగా.

ఇప్పుడు మెరిసేదాన్ని రాకమన్నాను. మొదటిసారికే పట్టింది. ఉక్కు రజను ఆయన చెప్పుల మీద రాలింది.

"అన్నా, మీరు రుద్ది పారేసింది మసి కాదు. గదే దాని బలం. కడమ అయిదింటిని ముట్టకుండ్రి" అన్నాను యజమానితో.

"నాకే చెప్తున్నవా?"

"చెప్త. పని నాది. నేను గాక ఎవరు చెప్తరు?"

ఆయన ఫోన్ చెవికి పెట్టుకుని బయటికి నడిచాడు. ఫిట్టర్ నాకు చాయ్ తెప్పించి, ఎన్ని గంటలు ఉంచుతారు, గ్యాసు ఎట్ల కొలుస్తారు అని ఓపికగా అడిగి తెలుసుకున్నాడు. అయిదు షాఫ్టులనూ ఆ వారమే పంపులకు ఎక్కించారని తర్వాత ఆయనే ఫోన్ చేసి చెప్పాడు.

యజమాని మాత్రం మూడు నెలలు మాకు పని పంపలేదు. నా నోటి దురుసు వల్లే గిరాకీ పోయిందని సార్ సణిగాడు. నేను వెనక్కి తగ్గలేదు. చివరికి భూపాలపల్లి నుంచి ఒక ఆటో నిండా పంపు భాగాలు వచ్చాయి. వాటితో పాటు ఒక షరతు కూడా వచ్చింది. ఫర్నేసు దగ్గర నేను ఉండకూడదట. సార్ ఆ మాట చెప్పి, ఏమంటావన్నట్టు నా వైపు చూశాడు.

నేను మాస్కు బిగించుకుని, వచ్చిన సామాను తుడిచి ఒక్కొక్కటీ ఫర్నేసు బుట్టలో పేర్చడం మొదలుపెట్టాను.