కిటికీ కింద గాలం

మా అన్నయ్య తాళాలు బాగుచేసేవాడు. సెలవు దొరికితే మాత్రం ఇంటి వెనక కాలువ గట్టునే ఉండేవాడు. ఒకసారి ఆయన పట్టిన చేప గుమ్మంలో పట్టక తలుపు ఊడదీయాల్సి వచ్చింది. తలుపు మళ్లీ ఆయనే బిగించాడు కాబట్టి సాక్ష్యం మిగల్లేదు. అబద్ధమాడితే నాలుక మీద మచ్చ వస్తుందని కాన్వెంటులో సిస్టరు చెప్పేది. నా నాలుక ఇప్పటికీ శుభ్రంగానే ఉంది.

ఎరను నీళ్లలో పడేస్తే గాలం వేసినట్టు కాదని అన్నయ్య అనేవాడు. చేప మన ఇంటికి భోజనానికి రాదట, దాని గుమ్మం ముందే కంచం పెట్టి మనం కనపడకుండా ఉండాలట. అందుకే పరుగునీరు నిదానపు నీటిని ఒరుసుకుపోయే చోటు వెతికి, దానికి కాస్త ఎగువన ఎర వదిలేవాడు. మిగతా పని నీళ్లే చూసుకునేవి.

అలాంటి మనిషి దుకాణంలో నిచ్చెన మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ బాగానే జరిగింది. ఇప్పుడు నడవకపోతే కీలు బిగుసుకుపోతుందని, ఆ తర్వాత తాను కూడా ఏమీ చేయలేనని డాక్టరు గట్టిగా చెప్పాడు. అన్నయ్య మాత్రం మేడమీది గదిలో మంచానికి అతుక్కుపోయాడు. నొప్పి కంటే మళ్లీ పడతానన్న భయమే ఎక్కువ, కానీ ఆ మాట ఒప్పుకోడు. వదిన బతిమాలింది, కోప్పడింది, అలిగింది. ఎవరేం చెప్పినా గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఒక సాయంత్రం వదిన ఆయన గాలపు కర్ర తీసుకుని, సరిగ్గా ఆ గది కిటికీ కింద కాలువ గట్టున కూర్చుంది. వానపామును ముద్దగా గుచ్చి, ఇంత లావు సీసం గుండు కట్టి, కాలువ నడిమధ్యలో ధబీమని పడేసింది. పొద్దు వీపు వెనక ఉంది. ఆమె నీడ కొప్పుతో సహా నీళ్ల మీద పరుచుకుంది. ఆ దెబ్బకు చేపలన్నీ పిల్లాజెల్లాతో పక్క ఊరికి వలసపోయి ఉంటాయి.

మేడమీద దగ్గు వినిపించింది. మర్నాడు కిటికీ తెరుచుకుంది. ఆ తర్వాత ఒకరోజు అన్నయ్య మంచం దిగి, కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

"అక్కడ వేస్తావేమే? అది చేపలు పోయే దారి, తినే చోటు కాదు. తూము పక్కన వెయ్యి."

"ఏంటోనండీ, ఇక్కడికేం వినపడటం లేదు," అని వదిన ఇంకాస్త నడిమధ్యకు విసిరింది.

నాకు జాలేసింది. పాపం, నాలుగు ముక్కలు నేర్పుదామని ఓ పొద్దున్నే వెళ్లాను. అన్నయ్య ఇంకా లేవలేదు. వదిన తూముకు అవతల, దాని గోడ నీడలో ఒదిగి కూర్చుని ఉంది. సీసం గుండు లేదు. చిన్న వానపామును తోక ఆడేలా గుచ్చి, తూములోంచి వచ్చే నీటి అంచున చప్పుడు కాకుండా దించింది. బెండు గోడ వెంబడి తేలుతూ పోయి టక్కున మునిగింది. అరచేయంత చేపను పైకి లేపి, నోట్లోంచి గాలం విడదీసి, మళ్లీ నీళ్లలోకే వదిలేసింది.

అప్పుడే వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"గాలం మా నాన్న నేర్పాడు," అంది. "ఈ సంగతి మీ అన్నయ్య చెవిన పడిందా, మరిదిగారూ, మీ నాలుకే ఎరగా గుచ్చుతాను. అదైతే నీళ్లలో కూడా ఊరికే ఉండదు."

ఇన్నేళ్ల కాపురంలో ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆయన చేప తెచ్చి గొప్పలు చెబుతుంటే వినడానికి బాగుంటుందట.

ఆ సాయంత్రం వదిన గాలాన్ని తూము రాళ్లలో ఇరికించి, విడిపించే వంకతో కర్రను లాగడం మొదలుపెట్టింది. అన్నయ్యకు ప్రాణమైన కర్ర విల్లులా వంగింది.

"లాగకే, విరుగుతుంది. ఆగు, నేనొస్తున్నా."

మెట్ల మీద చేతికర్ర చప్పుడైంది. సగంలో ఆగిపోయింది. ఎంతకీ మళ్లీ వినిపించలేదు. నేను పైకి పరిగెత్తబోతే వదిన నా చొక్కా పట్టుకుని ఆపింది. రెండో చేత్తో కర్రను ఇంకాస్త వంచింది. మళ్లీ చప్పుడు మొదలైంది. చెమటతో తడిసి ముద్దైన అన్నయ్య వెనక గుమ్మంలోంచి వచ్చి, కర్ర అందుకుని, దారం వదులు చేసి, గాలాన్ని సులువుగా విడిపించాడు. ఎర ఎక్కడ వేయాలో చేతికర్రతో చూపించాడు. వదిన బుద్ధిమంతురాలిలా తలూపింది.

మర్నాడు వదిన కిటికీ కింద చేపలు అయిపోయాయంది. రోజుకింత చొప్పున గట్టు వెంబడి దిగువకు జరుగుతూ పోయింది, వేసిన ప్రతిచోటా తప్పే వేసింది. తిట్టడానికి అన్నయ్య అంత దూరమూ నడవాల్సి వచ్చేది.

ఒకరోజు కాలువ మలుపు దగ్గర షికారుకొచ్చిన డాక్టరు ఆయన్ని చూసి ఆశ్చర్యపోయాడు. ఇంత దూరం ఎలా వచ్చారని అడిగాడు.

"ఏం చేయమంటారండీ, ఎర ఎక్కడ వెయ్యాలో మా ఆవిడకి ఎంత చెప్పినా ఒంటబట్టదు."

వదిన తలొంచుకుని దారం చిక్కు తీస్తోంది.

"రేపు ఇంకాస్త దిగువన వేసి చూస్తానండీ," అంది.