జానెడు ఎత్తు

ఆత్మకూరు బస్టాండు దగ్గర రోడ్డు వేస్తున్నారు. కాగే తారు వాసన ముక్కుకు తగలగానే ఏసోబు మేస్త్రి గుర్తొచ్చి, ఎక్కాల్సిన ఉదయగిరి బస్సు వదిలేశాను. మా వైపు చెరువుల్లో చేపలు పట్టే చిన్న కొయ్య పడవలకు తారు పూసి, వాటిని ఆయన బాగుచేసేవాడు. తలుపులూ కిటికీలూ చేసుకునే నన్ను ముప్పయ్యో ఏట పడవ పనికి మళ్లించింది ఆయనే.

ఆయనకొక పద్ధతి ఉండేది. పడవ వెనక భాగం కోసి ఇంజను బిగించాలన్నా, నిలబడే పైపలక ఎత్తు మార్చాలన్నా ముందు పడవను నీళ్లలోకి దించాల్సిందే. ఆ పడవలో చేపలు పట్టే మొగుడూ పెళ్లాం ఇద్దరూ తడి వలతో సహా ఎక్కి, రోజూ నిలబడే చోటే నిలబడాలి. నీళ్లు పడవకు ఎంతవరకు వచ్చాయో సుద్దతో గీత గీసి, అప్పుడు రంపం పట్టేవాడు. ఈ తతంగమంతా ఎందుకని నేను నవ్వితే, "తలుపు తప్పుగా చేస్తే కిర్రుమంటాది. పడవ అట్ట చెప్పదురా, ముంచుతాది" అనేవాడు.

ఒక ఎండాకాలం ఆయన జ్వరంతో మంచం పట్టాడు. పెంచలయ్య పడవ నా చేతికొచ్చింది. వెనక ఇంజను పెట్టాలి, పడవ అడుగున చేరే నీళ్లలో వల నానకుండా పైపలక జానెడు లేపాలి. చెరువు నీళ్లు అర మైలు వెనక్కి పోయి ఉన్నాయి. అంత దూరం ఎవరు ఈడుస్తారని గట్టు మీదే కంటికొలతతో కానిచ్చేశాను.

"ఏందిరా, మేస్త్రి గీత గీయందే రంపం పట్టడే?" అన్నాడు పెంచలయ్య.

"నాకు గీత అక్కర్లేదులే అన్నా" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

వానలకు చెరువు నిండింది. పెంచలయ్య పైపలక మీద నిలబడి వల లాగుతుంటే పడవ ఒక పక్కకు ఒరిగి తిరగబడింది. ఆయన భార్య రమణమ్మ ఒడ్డుకు చేరింది. ఆయన చేరలేదు.

మేస్త్రి వచ్చి పడవ వెనక భాగమంతా చేత్తో తడిమి చూశాడు. నేరుగా రమణమ్మ ముందుకు పోయి నిలబడ్డాడు. "తప్పు నాదమ్మా. గీత అక్కర్లేదు, కానీమని నేనే చెప్పినాను." నేను నోరు తెరవబోతే నా చెయ్యి గట్టిగా నొక్కాడు. తిరిగి వస్తూ, "నేను రేపో మాపో పోయేవాణ్ణి. నువ్వు ఇంకా పనిచేసుకుని బతకాల" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కానీ, వెనక్కి పోయి నిజం చెప్పలేదు.

ఆ తర్వాత ఎవరూ ఆయన దగ్గరికి పడవ తేలేదు. రెండేళ్లు పంచలో ఖాళీగా కూర్చుని, కన్నుమూశాడు.

ఇప్పుడు జలదంకి నుంచి కూడా నాకు పడవలు వస్తాయి. నీళ్లలో దించకుండా ఒక్క మేకు కొట్టను. మొన్న రమణమ్మ చేపల బుట్ట దించుకుని, నేను గీత గీస్తుంటే కాసేపు చూసింది.

"ఆ ముసలాయన మాదిరి కాదన్నా నువ్వు. మనిషి పానం విలువ తెలిసినోడివి" అంది.

నేను తలూపాను.