మా లాన్ మట్టికి పెళ్లిచూపులు

ఉద్యోగం కొత్తగా ఉన్న ఆ రోజుల్లో పైవాళ్లు ఏమడిగినా "వచ్చండీ" అనేసేదాన్ని, వచ్చినా రాకపోయినా. నాంపల్లిలో ఒక చిన్న బడిలో తాత్కాలికంగా సైన్స్ టీచరుగా చేరాను. నన్ను పర్మనెంట్ చేయడమా, ఇంటికి పంపడమా అన్నది మా ప్రిన్సిపల్ మేడమ్ చేతిలో ఉండేది. ఆవిడ పాత హైదరాబాదు మనిషి. బడి ముందున్న లాన్ మీద ఆవిడకున్న ప్రేమ మా ఎవరి మీదా ఉండేది కాదు. (పిల్లలు దానిమీద కాలు పెడితే చీవాట్లు టీచర్లకు.) అలాంటి లాన్, వార్షికోత్సవం దగ్గర పడుతుండగా, కామెర్లు వచ్చినట్టు పసుపెక్కిపోయింది.

"ఉస్మాన్‌గంజ్ నుంచి ఎరువు బస్తా తెప్పిస్త" అన్నారు మేడమ్. నేను ఊరుకోవచ్చు కదా! "ముందు మట్టి పరీక్ష చేయించాలండీ. ఏది తక్కువో తెలియకుండా ఎరువు వేయకూడదు" అన్నాను. "ఔ, మంచి మాట. నువ్వే జూడు. లాన్ పచ్చగైతే నీ నౌకరీ పక్కా" అన్నారు.

లాన్‌లో అక్కడక్కడ గడ్డి కింద బెత్తెడు లోతు తవ్వి, ఆ మట్టంతా కలిపి నీడలో ఆరబెట్టాను. అంతవరకూ సరిగ్గానే చేశాను. మేడమ్ వచ్చి చూసి ముఖం చిట్లించారు. "ఏందమ్మా గిది? రాళ్లు, ఏర్లు... గిట్లాంటిది పంపితే మన బడి ఇజ్జత్ ఏం గావాలె? జర మంచిది పంపు." విచిత్రం ఏమిటంటే, నాకూ నిజమే అనిపించింది. (మా అమ్మ పనిమనిషి వచ్చేలోపు ఇల్లు ఊడ్చేసే రకం. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లమే గానీ, పరువు దగ్గర ఎవరికీ తీసిపోం.) మేడమ్ కిటికీ కింద గులాబీల మడి ఉండేది. బడిలో మిగిలిన టీ పొడి, అరటి తొక్కలు అన్నీ దానికే. అక్కడి నల్లటి మట్టి తీసి, జల్లించి, అబిడ్స్ చీరల కొట్టు సంచిలో పోసి మట్టి పరీక్షల ల్యాబులో ఇచ్చి వచ్చాను.

అన్నీ పుష్కలంగా ఉన్నాయి, ఎరువు అవసరం లేదని రిపోర్టు వచ్చింది. మేడమ్ దాన్ని లామినేషన్ చేయించి గోడకు తగిలించారు. "చూసిన్రా మా మట్టిని! ఫస్ట్ క్లాస్!" అని వచ్చినవాళ్లందరికీ చూపించారు. ఎరువు మాట ఎత్తితే "రిపోర్టు వద్దన్నది గదా" అనేవారు. గడ్డి మాత్రం రిపోర్టు చదవలేదు, ఎండిపోతూనే ఉంది. దాంతోపాటే నా ఉద్యోగమూ ఎండిపోతోందని నాకు ఏడుపొచ్చేది.

ఆఖరికి ఒక మధ్యాహ్నం ధైర్యం చేశాను. "మేడమ్, పాసైంది గులాబీలండీ. గడ్డి ఇంకా పరీక్షే రాయలేదు."

ఆవిడ గోడ వంక చూశారు, కిటికీలోంచి లాన్ వంక చూశారు, పకపకా నవ్వారు. "అరే! ఇద్దరం గలిసి మట్టికి పెళ్లిచూపులు చేసినమా? పో, ఈసారి ముఖం గడగకుండ తీస్కపో. గోడమీదిది మాత్రం తియ్యకు."

రెండో రిపోర్టులో నత్రజని తక్కువని తేలింది. చెప్పినంతే వేశాం. వార్షికోత్సవం నాటికి గేటు పక్క మూల తప్ప అంతా పచ్చబడింది. ఆ మూలన జంపఖానా పరిచాం. నా ఉద్యోగం నిలబడింది.

మేడమ్ రిటైరయ్యారు గానీ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉంటాం. మొన్న డాక్టరు షుగర్ పరీక్ష చేయించుకోమంటే, వారంపాటు తీపి ముట్టకుండా, పొద్దున్నే నడక నడిచి మరీ రక్తం ఇచ్చాను. "అంతా నార్మల్ మేడమ్!" అని గొప్పగా చెప్పాను. "ఏందమ్మా, మల్ల గులాబీల మట్టి పంపినవా?" అన్నారావిడ.

చీరల కొట్టు సంచీ పట్టుకుని ల్యాబుకు నడిచిన ఆ పిల్ల ఇంకా నాలోనే ఉందన్నమాట. దాన్ని తలుచుకుంటే ముద్దొస్తుంది, కాస్త దిగులూ వేస్తుంది. వచ్చే వారం మళ్లీ రక్తం ఇస్తాను. ఈలోగా రోజూలాగే ఇంటికెళ్లే దారిలో మిఠాయి తింటున్నాను, శాంపిల్ నిజంది కావాలి కదా.