చిట్టి నాలుగో రౌండు

మా చిన్నప్పుడు... అమెరికాలో, జెర్సీ సిటీలో, మూడో అంతస్తు వాటాలో, తెల్లవారేసరికి వంటింట్లోంచి వాము వేగుతున్న వాసన వచ్చేది. అమ్మ ఆ వాముని పాత చీర పేలికలో మూట కట్టి, వెచ్చగా ఉండగానే మా చెల్లి గుండెల మీద కాపడం పెట్టేది.

చెల్లికి ఎనిమిదేళ్లు. చిట్టి అంటాం. పసితనం నుంచి ఆయాసం. నాకు పదకొండు. మా ముగ్గురు అక్కచెల్లెళ్లలో పెద్దదాన్ని. మూడోది అప్పటికింకా అమ్మ ఒళ్లో చంటిపిల్ల.

అది మార్చి నెల, ఒక మంగళవారం... బయట ఇంకా చలి. కిటికీ అద్దాల నిండా ఆవిరి. నాన్నగారు రైలుకి టైమైందని నిలబడే ఉప్మా తింటున్నారు. నేను స్టూలెక్కి, అలమార పై అరలో ఉన్న దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను. చిట్టి వెనకనుంచి వచ్చి నా జడ లాగింది.

"అక్కా, ఇవాళ జిమ్ క్లాసులో నేను ఫోర్ లాప్స్ చేస్తా. దేవుడికి చెప్పు."

"నువ్వే చెప్పుకో."

"నువ్వు చెప్తేనే వింటాడు. నువ్వు రెండు లాప్స్‌కే కూర్చుండిపోతావని ఆయనకి నీ మీద జాలి."

నవ్వాపుకుని చెప్పాను... నాలుగు రౌండ్లు చాలు స్వామీ అని.

మా స్కూల్లో ఆటలాడించే జిమ్ టీచరు పొడుగాటి మనిషి. మెడలో ఈల. గోడ మీద ప్రతి పిల్లకీ ఒక కార్డు అంటించేది. ఎవరు ముందొచ్చారన్నది ఆవిడకి పట్టేది కాదు. కిందటి వారం కన్నా నువ్వు ఒక్క అడుగైనా ఎక్కువ వేశావా, అంతే. వేస్తే కార్డు మీద చుక్క పెట్టేది, క్లాసంతా చప్పట్లు కొట్టాలి. అందరికన్నా వెనకపడే చిట్టికే ఆ ఏడు ఎక్కువ చప్పట్లు. శీతాకాలంలో ఒక్క రౌండుకే రొప్పిన పిల్ల, మార్చికి మూడు చేస్తోంది.

ఇక్కడి డాక్టరు కూడా మందు వాడుతూ పరిగెత్తనివ్వమనే చెప్పాడు. అమ్మే నమ్మలేదు.

ఆ రోజు మధ్యాహ్నం నన్ను క్లాసులోంచి ఆఫీసుకి పిలిచారు. చిట్టి కుర్చీలో కూర్చుని ఉంది. మోకాలికి కట్టు... మొహం మాత్రం వెలిగిపోతోంది. టీచరు మా ఇంటికి ఫోన్ చేసిందట. అమ్మకి ఇంగ్లీషు అందలేదు. టీచరు ఫోను నా చేతికిచ్చి, తను చెప్పేది అమ్మకి చెప్పమంది.

చెప్పాను. నాలుగో రౌండులో పడిపోయిందమ్మా. ఆయాసం వచ్చింది, మందు పీల్చింది, తగ్గింది. టీచరు కూర్చోమంటే వినకుండా లేచి, మిగిలింది నెమ్మదిగా నడిచి పూర్తి చేసింది. ఇన్నేళ్లలో ఇంత పట్టుదల గల పిల్లని చూడలేదంటోంది టీచరు.



"పడిపోయిన పిల్లని మళ్లీ నడవనిచ్చిందా?" అంది అమ్మ.

టీచరు నా వైపే చూస్తోంది, నవ్వుతూ. అమ్మ ఏమందని అడిగింది. థాంక్యూ అందని చెప్పాను.

ఆ పడిపోవడం సంగతి చెప్పకుండా ఉంటే... అని ఇప్పటికీ అనుకుంటాను. కానీ అది చెప్పకపోతే, లేచిందని ఎలా చెప్పను?

సాయంత్రం నాన్నగారు రాగానే అమ్మ ఎదురెళ్లి, ఇంక చిట్టిని పరిగెత్తనివ్వద్దంది.

"డాక్టర్ పరిగెత్తొచ్చన్నారు కదమ్మా," అన్నాను.

"డాక్టరొచ్చి దీని పక్కన కూర్చుంటాడుటే? ఊరు కాని ఊళ్లో దీనికేమన్నా అయితే నేనెవర్ని పిలవను?" అంది అమ్మ, చిట్టిని దగ్గరికి లాక్కుంటూ.

నాన్నగారు చిట్టి మోకాలి కట్టు చూశారు. "ఆటల్లో మార్కులేం వేస్తారులే. దాన్ని కూర్చోబెట్టమని రాసిద్దాం," అన్నారు.

అంతే. నిర్ణయం అయిపోయింది.

స్కూలుకి వెళ్లే కాగితాలన్నీ నేనే రాసేదాన్ని... దస్తూరి బాగుంటుందని. నాన్నగారు చెబుతున్నారు, నేను రాస్తున్నాను. ఇకనుంచి జిమ్ క్లాసులో మా రెండో అమ్మాయిని పరిగెత్తించవద్దని మనవి. చిట్టి బల్ల పక్కనే నిలబడి చదువుతోంది. ఏడవలేదు.

"అక్కా, ఫోర్ చేశానని కూడా రాయి," అంది.

కాగితంలో చోటుంది. నాన్నగారు చెప్పలేదు. నేను రాయలేదు.

ఇప్పుడు శనివారాలు మా వీధి చివర గ్రౌండులో పిల్లల ఆట చూస్తూ తెలుగు తల్లులు మడతకుర్చీలు వేసుకుని కూర్చుంటారు. పిల్ల పడితే "లే కన్నా, గో గో!" అని కేకలు పెడతారు. మా అమ్మకి అలా పక్కన కూర్చునే వాళ్లు ఒక్కరూ లేకపోయారు...

మీలో ఎవరైనా ఇంటి మాటని స్కూలుకి మోసిన పెద్దపిల్లలుంటే... మీరు రాయకుండా వదిలేసిన ముక్క ఏమిటో చెప్పండి.